పాత నాణేల పెట్టె నుంచి చిన్న వ్యాపారం దాకా: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారికి

మొదటి పని, ఉన్న సేకరణను రెండు పెట్టెలుగా విడగొట్టడం. ఒకటి మీది, రెండోది అంగడిది. మీ పెట్టెలో ఉన్నదానికి ధర చీటీ ఉండకూడదు, అంగడి పెట్టెలో ఉన్నదానికి చీటీ లేకుండా ఉండకూడదు. ఇది చేయకపోతే ఏమవుతుందో చాలామంది విషయంలో ఒకటే కథ: మంచి ముక్క రాగానే సొంతానికి దాచేస్తారు, మిగిలిన అరిగిన సరుకు అమ్మకానికి పెడతారు. కొనేవాళ్ళు రెండుసార్లు చూసి మూడోసారి రారు. అంగడి పెట్టెలోంచి ఏదైనా మీకే కావాలనిపిస్తే నెలకొకసారి, ఒక్క రోజున, చీటీ మీది ధర మీ జేబులోంచి అంగడి డబ్బులో వేసి తీసుకోండి. పది వేల రూపాయలతో మొదలుపెడితే రెండు వేలు పనిముట్లకు, ఆరు వేలు సరుకుకు, రెండు వేలు చేతిలో. ఆ చివరి రెండు వేలు ముట్టుకోవద్దు. మంచి సరుకు చెప్పి రాదు, వచ్చిన రోజు చేతిలో డబ్బు ఉండాలి.

ఏం అమ్మాలి అన్నదానికి జవాబు మీ ఊళ్ళోనే ఉంది. ముంబయి, బెంగళూరు వ్యాపారుల దగ్గర లేనిదీ బరంపురం, పర్లాకిమిడి, గునుపురం, జయపురం ఇళ్ళల్లో ఉన్నదీ ఏమిటో తెలుసుకోవాలి.

మొదటిది బర్మా నోట్లు. గంజాం, శ్రీకాకుళం తీరాల నుంచి రంగూన్‌కు పనికి వెళ్ళిన కుటుంబాలు చాలా. గోపాలపురం రేవు అప్పట్లో బర్మా ప్రయాణాల రేవు. అందుకే ఇక్కడి పాత ట్రంకు పెట్టెల్లో జపాను ఆక్రమణ నాటి బర్మా నోట్లు కనిపిస్తాయి. 1942 నుంచి ముద్రించిన ఈ నోట్ల మీద ‘జపనీస్ గవర్నమెంట్’ అని ఉంటుంది. అక్షరాల గుర్తు ‘బి’తో మొదలైతే బర్మాది, ‘ఎమ్’ అయితే మలయాది, ‘పి’ ఫిలిప్పీన్సుది, ‘ఎస్’ డచ్చి ఈస్టిండీసుది. కొత్తవాళ్ళు నాలుగింటినీ బర్మా నోట్లని రాసేసి మాట పోగొట్టుకుంటారు. ఇవి లెక్కలేనన్ని ముద్రించారు కాబట్టి నూరు రూపాయల నోటు చూడ్డానికి గంభీరంగా ఉన్నా ధర తక్కువే. ఇంటివాళ్ళు ‘తాత కష్టార్జితం’ అని పెద్ద ఆశతో చూపిస్తారు. వాళ్ళకు నెమ్మదిగా నిజం చెప్పండి, తిరిగి డబ్బిచ్చే ప్రభుత్వమేదీ లేదని కూడా. అదే పెట్టెలో మన రిజర్వ్ బ్యాంకు నోటు మీద ‘బర్మా కరెన్సీ బోర్డు’ అనో ‘మిలిటరీ అడ్మినిస్ట్రేషన్ ఆఫ్ బర్మా’ అనో అదనపు ముద్ర ఉన్నది దొరికితే అది వేరే తరగతి సరుకు. ఆ ముద్ర సిరా అసలు ముద్రణ మీద సమంగా కూర్చుందా, కాగితం వెనక్కి ఊరిందా అని పది రెట్ల భూతద్దంతో చూశాకే ధర మాట్లాడండి. మామూలు నోటు మీద ఆ ముద్ర కొట్టి ధర పెంచే దారి ఉంది కాబట్టి అనుమానించడమే సరి.

రెండోది తపాలా కాగితం. ఒడిశా రాష్ట్రం 1936 ఏప్రిల్ 1న ఏర్పడింది. అంతకు ముందు బరంపురం, పర్లాకిమిడి, జయపురం మద్రాసు ప్రెసిడెన్సీలోవి. ఆ మార్పుకు ముందూ వెనకా ఇక్కడి ఊళ్ళ తపాలా ముద్రలు పడిన కార్డులను వెతికేవాళ్ళు ఉన్నారు, వాళ్ళు మామూలు నాణేల కొనుగోలుదారులు కారు. ముద్ర చదవగలిగేలా ఉంటేనే విలువ. ఊరు పేరులో సగం కనిపించకపోతే ధర సగం కంటే ఎక్కువే పడిపోతుంది. ఒక జాగ్రత్త: బెంగాల్లో ముర్షిదాబాద్ వైపు కూడా ఒక బరంపురం ఉంది. ముద్రలో ‘గంజాం’ అని ఉందో లేదో చూడకుండా రాయవద్దు. చిరునామాలో పిన్ కోడ్ ఉంటే ఆ కార్డు 1972 ఆగస్టు 15 తరువాతిది, ఎందుకంటే పిన్ కోడ్ ఆ రోజే వచ్చింది. లేనంత మాత్రాన పాతదని కాదు, చాలామంది ఆ తరువాత కూడా రాయలేదు. కార్డు మీద స్టాంపును నీళ్ళలో నానబెట్టి ఊడదీయవద్దు. ముద్ర, చిరునామా, స్టాంపు కలిసి ఉన్నప్పుడే అది చరిత్ర.

జయపురం విషయంలో ఇంకో పొరపాటు ఏటా జరుగుతుంది. కోరాపుట్ జయపురం జమీందారీ, మద్రాసు ప్రెసిడెన్సీ కిందిది. సొంత నాణేలూ స్టాంపులూ వేసుకున్నది రాజస్థాన్ జైపూర్ సంస్థానం. ‘మా జయపురం రాజావారి నాణెం’ అని ఎవరైనా తెస్తే అది దాదాపు ఎప్పుడూ రాజస్థాన్‌దే. కొనుక్కోవచ్చు, స్థానిక సరుకని ధర పెంచకూడదు.

మూడోది, అందరికీ తెలిసిన చిల్లు కాణీ. 1943 నుంచి 1947 వరకు వేసిన కంచు నాణెం. కొత్తగా అమ్మకం నేర్చుకునేవాళ్ళకు ఇదే మంచి సరుకు: చవక, బోలెడు దొరుకుతుంది, పిల్లలు ఇష్టపడతారు, తప్పు చేసినా నష్టం తక్కువ. బేడ, అణా, పావలా, అర్ధ రూపాయి కలిపి ఒక అట్టమీద సెట్టుగా పెడితే విడిగా కంటే త్వరగా కదులుతాయి.

ఇక చట్టం. ఇది దాటి ముందుకు పోవద్దు.

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు నిండిన నాణెం పురావస్తువు. అలాంటివాటితో వ్యాపారం చేయడానికి లైసెన్సు కావాలి, దేశం దాటించడం ప్రైవేటు మనిషికి కుదరదు. శాస్త్ర, చరిత్ర, సాహిత్య, కళా విలువ ఉన్న రాతప్రతులు, దస్తావేజులకు ఆ గడువు డెబ్బై అయిదేళ్ళే. అంటే విక్టోరియా, ఎడ్వర్డ్ రూపాయలూ, జార్జి V రూపాయల్లో దాదాపు అన్నీ లైసెన్సు లేని అంగడి పెట్టెలోకి రావు. ఏనుగు బొమ్మ పందిలా ఉందని గొడవైన 1911 రూపాయి మీ చేతికొస్తే మీ సొంత పెట్టెలో ఉంచుకోండి. లైసెన్సు లేకుండా మొదలుపెట్టేవాళ్ళకు జార్జి VI కాలం, అటుపైన గణతంత్రం. ఇది చిన్న మైదానమేమీ కాదు. పాత కార్డులు, కాగితాల విషయంలో సందేహం వస్తే భువనేశ్వర్‌లోని పురావస్తు శాఖ సర్కిల్ కార్యాలయాన్ని ముందే అడగండి. తాళపత్రాలను అసలు వ్యాపారంగా చూడవద్దు. గంజాం ఇళ్ళల్లో అవి ఇంకా ఉన్నాయి, భువనేశ్వర్ రాష్ట్ర మ్యూజియానికి దారి చూపించండి.

పొలం దున్నుతుంటేనో పునాది తవ్వుతుంటేనో దొరికిన నాణేల కుండ తెచ్చి అమ్ముతామంటే ముట్టుకోకండి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం కింద పది రూపాయల విలువ దాటిన భూమిలోని దాపుడు సొమ్ము గురించి కలెక్టరుకు తెలపాలి. పాత 500, 1000 నోట్ల మీద 2017లో వచ్చిన చట్టం ఇంకా గట్టిది: మామూలు మనిషి దగ్గర మొత్తం పది నోట్లు, నాణేల అధ్యయనం కోసమైతే ఇరవై అయిదు, అంతకు మించి ఉంచుకుంటే పది వేల రూపాయలు లేదా ముఖ విలువకు అయిదు రెట్లు, ఏది ఎక్కువైతే అది జరిమానా. వాటి కట్టలు కొని నిల్వ చేయడం వ్యాపారం కాదు, ప్రమాదం.

కొనుగోలు బల్ల మీద ఉండాల్సినవి తక్కువే. 0.01 గ్రాము చూపే చిన్న తూకం, పది రెట్ల భూతద్దం, అయస్కాంతం, వెర్నియర్ కాలిపర్, ఒక ప్లాస్టిక్ గ్లాసు, సన్న దారం. వెండి రూపాయి దగ్గరే ఎక్కువ మోసం జరుగుతుంది కాబట్టి దాన్ని వివరంగా చూద్దాం.

సరైన రూపాయి తూకం 11.66 గ్రాములు, అర్ధ రూపాయి 5.83, పావలా 2.92. అరిగితే పది ఇరవై సెంటీగ్రాములు (0.10 - 0.20 గ్రాము) తగ్గొచ్చు, పెరగకూడదు. జార్జి VI రూపాయల్లో 1938, 1939 తేదీలవి 91.7 శాతం వెండి. 1940 నుంచి 1945 వరకు సగమే వెండి, మిగతాది రాగి, నికెల్, జింకు. 1947 రూపాయి వట్టి నికెల్. 1939 రూపాయి చాలా అరుదు, అందుకే ఎక్కువ నకిలీ కూడా అదే. చవకగా 1939 దొరికిందంటే నమ్మకండి.

నీళ్ళ పరీక్ష ఇలా. తూకం మీద సగం నీళ్ళున్న గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని దారంతో కట్టి, అడుగూ పక్కలూ తగలకుండా నీళ్ళలో పూర్తిగా వేలాడదీయండి. బుడగలు అంటుకుంటే కొంచెం ఊపి వదిలించండి. అప్పుడు తూకం చూపే అంకె నాణెం తోసిన నీటి బరువు. 91.7 శాతం వెండి రూపాయికి అది 1.13 దగ్గర ఉంటుంది, సగం వెండి రూపాయికి 1.22 దగ్గర. 1.30 దాటితే వెండి లేదని అర్థం. నాణెం అరిగి ఉంటే దాని పొడి తూకాన్ని ఈ అంకెతో భాగించండి: 10.3 చుట్టుపక్కల వస్తే మంచి వెండి, 9.5 చుట్టూ వస్తే సగం వెండి. దారం ముడి పెద్దదైతే, నాణెం అడుక్కి తగిలితే లెక్క తప్పుతుంది. రెండుసార్లు చేసి ఒకే అంకె వస్తేనే నమ్మండి. ఇంతా చేసినా, మంచి వెండితోనే చేసిన నకిలీ ఈ పరీక్షలో బయటపడదు. దానికి భూతద్దమే. అంచు చుట్టూ అతుకు గీత, అక్షరాల చుట్టూ సబ్బులా మెత్తబడిన ఉపరితలం, చిన్న గుంటలు పోత పోసిన నాణేనికి గుర్తులు.

ఈ లోహం లెక్కే కనీస ధర కూడా. మంచి రూపాయిలో 10.69 గ్రాముల వెండి, సగం వెండి రూపాయిలో 5.83. ఆ రోజు రేటుతో గుణిస్తే అడుగు ధర వస్తుంది. మామూలు తేదీల అరిగిన వెండి నాణేలు ఆ అడుగుకు దగ్గరగానే తిరుగుతాయి. వెండి రేటు ఎగిరిన వారం సేకరణ విలువ అని గొప్ప ధర పెట్టి కొంటే, రేటు దిగాక సరుకు మీద కూర్చోవాలి.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోయేది కడగడంలో. మనవాళ్ళ ఇళ్ళల్లో పండక్కి ఇత్తడిని చింతపండుతో, వెండిని విభూతితో తోమడం అలవాటు. నాణేనికి అది చావు. అచ్చు పడినప్పుడు లోహం పారిన సన్న గీతల వల్ల కొత్త నాణేనికి తిరిగే మెరుపు ఉంటుంది. తోమితే ఆ గీతలు పోయి చప్పిడి తెలుపు మిగులుతుంది, అది తిరిగి రాదు. చూసే కన్ను ఉన్నవాడు ఒక్క క్షణంలో పట్టేస్తాడు, సగం ధర కూడా ఇవ్వడు. దుమ్ము ఉంటే శుద్ధమైన నీళ్ళలో ముంచి, మెత్తని గుడ్డ మీద పెట్టి అద్దండి, రుద్దొద్దు. జిడ్డూ, ప్లాస్టిక్ పచ్చదనమూ ఉంటే స్వచ్ఛమైన అసిటోన్‌లో కాసేపు ఉంచి తీయండి, గాలి ఆడే చోట, పొయ్యికి దూరంగా. గోళ్ళ రంగు తుడిచే ద్రవంలో వాసనలూ నూనెలూ ఉంటాయి, అది పనికిరాదు.

ఆ పచ్చదనం ఎక్కడిదంటే, బజార్లో దొరికే మెత్తని పీవీసీ ఆల్బమ్‌ల నుంచి. ఎండాకాలంలో ఆ ప్లాస్టిక్ ఊరి జిగట విడుస్తుంది, రాగి మీద పచ్చగా పడుతుంది, వెండినీ తినేస్తుంది. పాలిస్టర్ పొర ఉన్న అట్ట హోల్డర్లు వాడండి. పిన్నులు కొట్టాక వాటి కాళ్ళను పటకారుతో చదును చేయకపోతే పక్క నాణేన్ని గీస్తాయి. గోపాలపురం, ఛత్రపురం వైపు ఉప్పుగాలి ఉంది కాబట్టి మూత గట్టి పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు తప్పనిసరి. రంగు మారేవి కొంటే నీలం పోయి గులాబీ రాగానే 120 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి మళ్ళీ వాడొచ్చు. జూన్ నుంచి అక్టోబరు దాకా పది రోజులకొకసారి చూడండి.

నోట్లకు సెల్లో టేపు, ల్యామినేషన్, ఇస్త్రీ మూడూ నిషిద్ధం. ఇస్త్రీ చేస్తే మడత కనిపించదనుకుంటారు. కాగితం నారల బిగువు పోయి, వెలుతురుకు ఎదురుగా పెడితే మడత గీత అలాగే కనబడుతుంది. పాత నోట్లకు బ్యాంకు పిన్ను రంధ్రాలుండటం మామూలే, దాచకుండా రాయండి. తుప్పు మరక మాత్రం ధర తగ్గిస్తుంది.

స్థితిని చెప్పడానికి వ్యాపారంలో వాడే మాటలు యూఎన్‌సీ, ఎక్స్‌ఎఫ్, వీఎఫ్, ఫైన్. వరసగా వాటి అర్థం: వాడని కొత్తది, కొంచెం వాడినది, ఎత్తైన భాగాలు అరిగినది, బాగా అరిగినా అన్నీ చదవగలిగేది. అనుమానం ఉంటే ఒక మెట్టు కింద రాయండి. వచ్చినవాడు అనుకున్నదానికంటే మంచిది చేతికొస్తే మళ్ళీ వస్తాడు.

ధర ఎలా పెట్టాలంటే, అడిగే ధరలు చూడొద్దు, అమ్ముడైన ధరలు చూడండి. బెంగళూరు మరుధర్ ఆర్ట్స్, ముంబయి తోడీవాలా లాంటి వేలం సంస్థల ఫలితాలు నెట్‌లో ఉంటాయి. ఒకే రకం, ఒకే స్థితి ఉన్న అయిదు అమ్మకాలు రాసుకుని మధ్య అంకె తీసుకోండి. అది 400 అనుకుందాం. అమ్మే వేదిక కోతా చెల్లింపు ఖర్చూ 40, హోల్డరూ ప్యాకింగూ 20, వాపసులకూ తప్పులకూ 20 తీస్తే 320. మీకు వంద మిగలాలంటే 220 మించి పెట్టి కొనకూడదు. ఆరు నెలలైనా కదలదని తెలిసిన సరుకైతే 160 దగ్గరే ఆగండి. బేరం వేడిలో ఈ అంకె దాటుతారు కాబట్టి, ఇంటికి వెళ్ళేముందే కాగితం మీద రాసి పెట్టుకోండి.

అపోహల సరుకుకు దూరంగా ఉండండి. ట్రాక్టరు బొమ్మ అయిదు రూపాయల నోటు, వైష్ణోదేవి నాణెం, 786 నోటు లక్షలకు పోతాయని ఫోన్లలో తిరిగే మాటలు విని జనం మీ దగ్గరకు వస్తారు. వాళ్ళను ‘రిజర్వ్ బ్యాంకు కమిషన్’ కట్టమని అడిగే దొంగలు కూడా ఉన్నారు. పాత నోట్లు, నాణేల కొనుగోలు అమ్మకాల్లో తన పాత్ర లేదని, ఏ రుసుమూ వసూలు చేయదని ఆ బ్యాంకే 2021లో ప్రకటించింది. వచ్చినవాళ్ళకు అది చదివి వినిపించండి.

మరి కదిలేదేమిటి? ఈ ప్రాంతంలో తెలుగిళ్ళ శుభకార్యాలు. షష్టిపూర్తికి పుట్టిన ఏటి నాణేల సెట్టు మంచి కానుక. 2026 ఉగాదితో మొదలయ్యేది పరాభవ నామ సంవత్సరం, అరవై ఏళ్ళ కింద ఇదే పేరు 1966 ఉగాది నుంచి 1967 ఉగాది దాకా. జనవరిలో పుట్టినాయనకు 1966 నాణేలు పెడితే తప్పు, పుట్టిన తేదీ అడిగి తీరాలి. 1966లో ఒకటి, రెండు, మూడు, అయిదు, పది, ఇరవై అయిదు పైసల నాణేలు వచ్చాయి, రూపాయి రాలేదు. అది ముందే చెప్పకపోతే అట్ట మీద రూపాయి లేదేమని అడుగుతారు. అట్ట మీద తెలుగు సంవత్సరం పేరు రాయించండి, ఒడియా కుటుంబానికైతే ఒడియాలో. పెళ్ళి తేదీ, పుట్టిన తేదీ అంకెలు వరుస సంఖ్యలో ఉన్న పది రూపాయల నోట్లు కూడా అడుగుతారు. వీటికోసం చేతికొచ్చిన ప్రతి కొత్త నోటు కట్టనూ చూసే ఓపిక కావాలి. మన వై.వి. రెడ్డి, డి. సుబ్బారావు గవర్నర్లుగా సంతకం చేసిన నోట్లను తెలుగువాళ్ళు ఇష్టంగా తీసుకుంటారు. ముద్రణలో పాడైన నోటు బదులు వేసే, వరుస సంఖ్యలో నక్షత్రం గుర్తు ఉన్న నోట్లు 2006 నుంచి వచ్చాయి, వాటిని వేరే తీసిపెట్టండి.

చిల్లర పరిశీలన నేర్చుకోవాలంటే టంకశాల గుర్తులు: సంవత్సరం కింద వజ్రం ముంబయి, నక్షత్రం హైదరాబాదు, చుక్క నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. 1985 రూపాయి మీద ‘హెచ్’ ఉంటే ఇంగ్లండులో వేయించినది.

సరిహద్దులో ఉన్నవాళ్ళకు పన్ను లెక్క వేరు. జీఎస్టీ చట్టంలో డబ్బు నిర్వచనం సేకరణ విలువ కోసం ఉంచుకున్న కరెన్సీని బయట పెట్టింది, అంటే మీరు అమ్మేది వస్తువే. రాష్ట్రంలోపల అమ్మే చిన్న వ్యాపారికి టర్నోవర్ మినహాయింపు ఉంటుంది. పన్ను పడే వస్తువును రాష్ట్రం దాటించి అమ్మితే ఆ మినహాయింపు మామూలుగా పనిచేయదు. పర్లాకిమిడి నుంచి పాతపట్నం కూతవేటు దూరం, పార్సెల్ పంపితే అది అంతర్రాష్ట్ర అమ్మకం. బరంపురం వాళ్ళకు ఇచ్ఛాపురం కూడా అంతే. అందుకని మొదటి ఏడాది ఒడిశాలోపల, చేతికిచ్చే అమ్మకాలతో నడపండి. శ్రీకాకుళం, విశాఖ ఖాతాదారులు పెరుగుతున్నారనగానే రిజిస్ట్రేషన్ తీసుకోండి. పాత వస్తువుల వ్యాపారికి, కొనుగోలు మీద పన్ను జమ తీసుకోకపోతే, లాభం మీదే పన్ను లెక్కించే పద్ధతి ఉంది. దాన్ని అడిగి వేయించుకోండి.

కొన్న ప్రతిదానికీ చీటీ రాయండి: తేదీ, అమ్మినవారి పేరు, ఊరు, గుర్తింపు కార్డు చివరి నాలుగంకెలు, వస్తువు, తూకం, ధర, ‘ఇది నా సొంత ఆస్తి’ అన్న వాక్యం, సంతకం. తెలుగులోనో ఒడియాలోనో, ఆయన చదవగలిగే భాషలో. దొంగ సొమ్మని తెలిసి కొనడం నేరం, తెలియదని చెప్పడానికి ఈ చీటీ ఒక్కటే మీ దగ్గరుండే ఆధారం. మైనర్ పిల్లలు తెచ్చినవి, గుడి హుండీ నుంచి వచ్చాయనిపించేవి వద్దు.

ఫోటో కిటికీ పక్క నీడ వెలుతురులో, నల్లటి గుడ్డ మీద, రెండు వైపులా అంచూ తీయండి. ఫోన్ రంగులు పెంచే సౌకర్యాన్ని ఆపేయండి. వెండి నీలంగా కనబడితే వాపసు ఖాయం. పార్సెల్‌లో నాణెం కదలకూడదు: హోల్డర్‌ను రెండు గట్టి అట్టల మధ్య టేపుతో బిగించి, బబుల్ కవర్లో పెట్టి, పైన ‘నాణేలు’ అని రాయకుండా, బీమా చేసి స్పీడ్ పోస్టులో పంపండి. కట్టే ముందు తూకం మీద నాణెం ఉన్న ఫోటో, కట్టాక పార్సెల్ తూకం ఫోటో దాచుకోండి. ఏడు రోజుల్లో వాపసు తీసుకుంటామని చెప్పండి. తిరిగి వచ్చిన నాణేన్ని డబ్బిచ్చే ముందే తూచి, పాత ఫోటోలోని గీతలతో పోల్చి చూడండి. మంచి నాణెం ఉంచుకుని అరిగినది పంపేవాళ్ళు అక్కడే దొరుకుతారు.